లేఆఫ్ ప్యాకేజీ: ఒకేసారి పెద్ద మొత్తమా, పేరోల్‌పై మరో రెండు నెలలా?

అమెరికాలో హెచ్-1బీ వీసాపై పనిచేస్తున్న పాఠకులు కొంతకాలంగా ఒకే ప్రశ్నను పదేపదే అడుగుతున్నారు. ఈరోజుతోనే ఉద్యోగం ముగించి పెద్ద మొత్తం తీసుకోవడం మేలా, లేక పని అప్పగించకుండా రెండు నెలలు పేరోల్‌పై, అంటే జీతం తీసుకునే ఉద్యోగిగానే ఉంచి ఆ తరువాత కొంత తక్కువ ఇస్తామంటే దానికి ఒప్పుకోవడం మేలా? ఈ ఎంపిక అందరికీ దొరకదు. చాలా కంపెనీలు ఒకే పత్రం పంపి సంతకం చేయమంటాయి. అయితే మొత్తాన్ని పెంచడానికి ససేమిరా అనే హెచ్ఆర్ విభాగం కూడా ఆఖరి తేదీని కొన్ని వారాలు పొడిగించడానికి ఒప్పుకునే అవకాశం ఉంటుంది కాబట్టి, ఏది అడగాలో ముందే తేల్చుకోవడం అవసరం.

ప్రైవేటు సంస్థలు సెవరెన్స్ (ఉద్యోగం నుంచి తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం) ఇచ్చి తీరాలని చెప్పే ఫెడరల్ చట్టం ఏదీ లేదు. 1988 నాటి వార్న్ చట్టం కోరేది నోటీసు మాత్రమే: 100 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ, చట్టం చెప్పిన స్థాయిలో సామూహిక తొలగింపులు చేపట్టేటప్పుడు 60 రోజుల ముందు తెలియజేయాలి. న్యూజెర్సీ ఇంకా ముందుకు వెళ్లి, 2023 ఏప్రిల్ నుంచి 90 రోజుల నోటీసుతో పాటు సర్వీసులోని ప్రతి పూర్తి సంవత్సరానికి ఒక వారం జీతాన్ని కూడా తప్పనిసరి చేసింది. తొలగింపు లేఖలో కనిపించే రెండు నెలల పేరోల్ చాలాసార్లు ఈ నోటీసు కాలమే. ఉద్యోగిగా కొనసాగిన రోజుల జీతం మీకు ఎలాగూ రావలసిందే కాబట్టి, కంపెనీపై దావా వేయబోనని రాసిచ్చే పత్రంతో దానికి ముడి ఉండకూడదు.

లెక్క చూద్దాం. వారానికి 3,000 డాలర్ల జీతం ఉన్న ఉద్యోగికి మార్చి 3న లేఖ అందిందనుకోండి. ఆ రోజుతోనే ఉద్యోగం ముగిస్తే 20 వారాల జీతం, అంటే 60,000 డాలర్లు వస్తాయి. రెండో పద్ధతిలో మే 2 వరకు పేరోల్‌పై ఉండి, ఆపై 8 వారాల సెవరెన్స్ తీసుకుంటే మొత్తం సుమారు 49,700 డాలర్లు అవుతుంది. మొదటిదే పది వేలు ఎక్కువ. ఇక్కడితో ఆగితే ఎవరైనా మొదటిదానికే మొగ్గు చూపుతారు. కానీ ఉద్యోగం పోయాక హెచ్-1బీ వారికి దొరికే 60 రోజుల వెసులుబాటు గడువు మొదటి పద్ధతిలో మే 2తో ముగిసిపోతుంది. రెండో పద్ధతిలో అది మొదలయ్యేదే మే 3న, ముగిసేది జులై 1న.

నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చవలసిన అంశం ఇదే. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఉద్యోగం పోయిన హెచ్-1బీ ఉద్యోగికి గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే పత్రం) గడువు అంతకన్నా ముందే ముగిస్తే ఆ తేదీయే హద్దు. ఉద్యోగం ముగిసిన మరుసటి రోజు నుంచి ఈ లెక్క మొదలవుతుందని, ఆ ముగింపును సాధారణంగా జీతం చెల్లించిన ఆఖరి రోజును బట్టి నిర్ణయిస్తారని అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ చెబుతోంది. హెచ్-4పై ఉన్న భార్య లేదా భర్త, పిల్లల గడువూ దీనితోనే ముడిపడి ఉంటుంది. కొత్త కంపెనీని వెతుక్కోవడం, ఇంటర్వ్యూలు దాటడం, ఆ కంపెనీ న్యాయవాదులు మీ కోసం హెచ్-1బీ పిటిషన్ సిద్ధం చేసి దాఖలు చేయడం, అన్నీ ఈ 60 రోజుల్లోనే జరగాలి. ఇన్ని పనులకు మరో రెండు నెలలు చేతిలో ఉండటాన్ని పది వేల డాలర్లతో తూచలేము.

అయితే పేరోల్ అనే మాట కనిపించగానే నిశ్చింతగా ఉండకూడదు. కొన్ని లేఖల్లో సెవరెన్స్‌నే రెండు వారాలకోసారి, మామూలు జీతం పడే రోజునే వాయిదాలుగా చెల్లిస్తామని రాస్తారు. బ్యాంకు ఖాతాలో చూస్తే ఉద్యోగం కొనసాగుతున్నట్టే అనిపిస్తుంది. కానీ లోపలి పేజీలో సెపరేషన్ డేట్ (ఉద్యోగం ముగిసే తేదీ) అన్నచోట లేఖ అందిన రోజే ఉంటే, వాయిదాలు ఎన్ని నెలలు సాగినా వెసులుబాటు గడువు ఒక్క రోజు కూడా పెరగదు. ఫలానా తేదీ వరకు ఉద్యోగిగా కొనసాగుతారన్న వాక్యం లేఖలో స్పష్టంగా ఉండాలి. అలా ఉన్నా, పని చేయకుండా జీతం తీసుకున్న కాలాన్ని పూర్తి స్థాయి ఉద్యోగంగా లెక్కించే విషయంలో న్యాయవాదులందరిదీ ఒకే మాట కాదు. అందువల్ల పొడిగింపు దొరికినా, కొత్త పిటిషన్‌ను వీలైతే లేఖ అందిన నాటి నుంచి తొలి 60 రోజుల్లోనే వేయించుకోమని నేను గట్టిగా చెబుతాను.

ఇతర ప్రయోజనాలు కూడా ఎక్కువగా రెండో పద్ధతివైపే ఉంటాయి. పేరోల్‌పై ఉన్నంతకాలం సాధారణంగా ఆరోగ్య బీమా పాత వాటాతోనే కొనసాగుతుంది. ఆ తరువాత కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా కంపెనీ బీమాను కొనసాగించుకోనిచ్చే చట్టం) కింద 18 నెలల వరకు ఉంచుకోవచ్చు గానీ, అప్పటిదాకా కంపెనీ భరించిన వాటాతో సహా మొత్తం ప్రీమియాన్ని, దానిపై 2 శాతం వరకు అదనంగా మీరే కట్టాలి. మధ్యలో కంపెనీ ఇచ్చిన షేర్లు వెస్ట్ అయ్యే, అంటే పూర్తిగా మీ సొంతమయ్యే తేదీ ఉంటే, పైన చూసిన తేడా ఒక్కసారిగా తారుమారు కావచ్చు.

పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డు ఉన్నవారికి, మరో ఉద్యోగం దాదాపు ఖాయమైనవారికి ఒకేసారి మొత్తం తీసుకోవడమే మేలు. పేరోల్‌పై ఉండగా వేరే సంస్థలో చేరాలంటే ముందు రాజీనామా చేయవలసి రావచ్చు, దానితో మిగిలిన మొత్తం పోవచ్చు. కంపెనీయే దివాలా అంచున ఉంటే, రేపటి మాటకన్నా ఈనాటి డబ్బే భద్రం. పన్ను గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు: సెవరెన్స్ నుంచి సాధారణంగా 22 శాతం ఫెడరల్ పన్ను కింద మినహాయిస్తారు, అసలు లెక్క రిటర్న్ వేసేటప్పుడు తేలుతుంది. స్వచ్ఛందంగా వైదొలిగే ప్యాకేజీని కొత్త ఆఫర్ చేతిలో ఉన్నవారు మాత్రమే పరిశీలించాలి.

ఏది ఎంచుకున్నా అదే రోజు సంతకం చేయనక్కరలేదు. సామూహిక తొలగింపుల్లో 40 ఏళ్లు నిండినవారికి, వయోవివక్షపై తమ హక్కులను వదులుకునే పత్రాన్ని పరిశీలించడానికి 45 రోజులు, సంతకం చేశాక వెనక్కి తీసుకోవడానికి మరో 7 రోజులు చట్టమే ఇస్తోంది. అంతకన్నా చిన్నవారు లేఖలో ఇచ్చిన గడువు చూసుకుని, సంతకానికి ముందే సెపరేషన్ డేట్‌ను పొడిగించగలరా అని హెచ్ఆర్‌ను ఈమెయిల్‌లో అడగాలి. జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకుని, ఇమ్మిగ్రేషన్ న్యాయవాదికి లేఖతో పాటు చూపించాలి.