కొత్త నర్సు సామర్థ్యం: చెక్‌లిస్టుతో తూచాలా, పక్కన నిలబడి చూడాలా?

చదువు ముగించి, రిజిస్ట్రేషన్ పూర్తయి వార్డులో చేరిన నర్సు గురించి కొన్ని వారాలకో నెలలకో ఇన్‌ఛార్జ్ ఒక మాట తేల్చి చెప్పాలి. ఈమెకు ఒంటరిగా పేషెంట్లను అప్పజెప్పొచ్చా, ఇంకొన్నాళ్లు ఆగాలా? తొందరపడి 'సరే' అంటే పేషెంటుకి ముప్పు. అకారణంగా 'కాదు' అంటే ఆ నర్సు మనసు విరిగిపోతుంది, తొలి ఏడాదిలోనే ఉద్యోగం మానేసేవాళ్లలో ఆమె కూడా చేరుతుంది. ఇంత బరువైన నిర్ణయాన్ని మేనేజర్లు దేని ఆధారంగా తీసుకుంటున్నారన్నదే నా బెంగ. సాధారణంగా వాళ్ల చేతిలో ఉండేవి మూడు: పనుల చెక్‌లిస్టు, నర్సు తనకు తాను వేసుకునే మార్కులు, పక్కనే ఉండి గమనించి ప్రశ్నలడగడం. వీటికి తోడు వార్డులో నలుగురూ అనుకునే మాట ఎలాగూ ఉంటుంది. 'చురుకైన పిల్ల', 'మెల్లగా చేస్తుంది' లాంటి మాటలవి. వాటికి అసలు విలువ ఇవ్వకూడదని నా అభిప్రాయం. అవి వేగం గురించి చెబుతాయి తప్ప సామర్థ్యం గురించి చెప్పవు.

మేనేజర్లు కొత్తవాళ్లను ఎంత కఠినంగా చూస్తారో తెలిపే సర్వే ఒకటి 2008లో అమెరికాలో వెలువడింది. మా విద్యార్థులు పనికి సిద్ధంగా ఉన్నారని నర్సింగ్ విద్యాసంస్థల పెద్దల్లో దాదాపు 90 శాతం మంది చెప్పారు. ఆస్పత్రుల్లో నర్సింగ్ విభాగాలను నడిపేవాళ్లలో ఆ మాట అన్నది దాదాపు 10 శాతమే. బోధించేవాళ్లు గొప్పలు చెప్పుకున్నారనో, మేనేజర్లకు జాలి లేదనో దీన్ని కొట్టిపారేయలేం. కాలేజీ చూసేది ఒక పేషెంటుకి ఒక పని సరిగ్గా చేయగలదా అని. వార్డు అడిగేది అయిదారుగురు పేషెంట్ల మధ్య, ఫోను మోగుతుండగా, డాక్టర్ రౌండ్స్ నడుస్తుండగా ఏది ముందు చేయాలో తేల్చుకోగలదా అని. రెండూ వేర్వేరు పరీక్షలు. ఒకదానిలో నెగ్గినంత మాత్రాన రెండోదానిలో నెగ్గినట్టు కాదు.

చెక్‌లిస్టు చేసే మేలు తక్కువేమీ కాదు. కాన్యులా (నరంలోకి మందులెక్కించే సన్నని గొట్టం) పెట్టడం, మూత్రం కోసం క్యాథెటర్ వేయడం, మందును కొలతగా ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపు సెట్ చేయడం, రక్తం ఎక్కించే ముందు సరిచూసుకోవడం, మందు మోతాదు లెక్కగట్టడం: వీటిలో తప్పుకి చోటు లేదు కాబట్టి ఒక్కొక్కటీ చూసి సంతకం పెట్టాల్సిందే. ఎవరు చూసినా ఫలితం దాదాపు ఒకటే వస్తుంది. ఇష్టాయిష్టాలకు తావు తక్కువ. రేపు ఏదైనా పొరపాటు జరిగితే ఆధారంగా కాగితమూ ఉంటుంది. మేనేజర్లు దీన్నే ఎక్కువగా నమ్ముకోవడానికి ఈ చివరి కారణమే పెద్దదేమోననిపిస్తుంది.

కానీ పేషెంటు పరిస్థితి దిగజారడం ఏ గడిలోనూ పట్టదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆపరేషనైన పేషెంటుకి కొత్త నర్సు వేళ తప్పకుండా వైటల్స్ (శ్వాస, పల్స్, బీపీ లాంటివి) చూస్తోంది. నిమిషానికి శ్వాస 16 ఉన్నది 20 అయింది, తర్వాత 24 అయింది. పల్స్ కూడా మెల్లగా పెరుగుతోంది. బీపీ మాత్రం ఇంకా బాగానే ఉంది. ఆమె అన్నీ శుభ్రంగా చార్టులో రాసింది. 'వైటల్స్ నమోదు' అన్న గడిలో నిస్సందేహంగా టిక్ పడుతుంది. అయితే ఆ మూడు అంకెలూ కలిసి ఏం చెబుతున్నాయో ఆమె చూడలేదు, డాక్టర్‌ని పిలవలేదు. ఇన్‌ఫెక్షన్ ముదురుతున్నప్పుడు, రక్తస్రావం అవుతున్నప్పుడు శ్వాస వేగం, పల్స్ ముందు మారతాయి, బీపీ చాలాసార్లు ఆలస్యంగా పడిపోతుంది. చెక్‌లిస్టు ప్రకారం ఈమె సమర్థురాలు. పేషెంటు వైపు నుంచి చూస్తే ఇంకా కాదు.

ఈ లోటును అమెరికా నర్సింగ్ నిపుణురాలు డొరొతీ డెల్ బ్యూనో 2005లో సూటిగా ఎత్తిచూపారు. పేషెంటు పరిస్థితిని వీడియోలో చూపించి, సమస్య ఏమిటి, ఏం చేస్తావు, ఎందుకు అని అడిగే పద్ధతి ఆమెది. కొత్తగా చదువు ముగించిన నర్సుల్లో ఆ స్థాయికి తగిన నిర్ణయశక్తి చూపినవాళ్లు 35 శాతమే ఉన్నారని ఆమె రాశారు. 2023 ఏప్రిల్ నుంచి అమెరికాలో నర్సుల లైసెన్సు పరీక్షలో కేసు ఇచ్చి ఆలోచనను పరీక్షించే ప్రశ్నలు చేర్చడం వెనకా ఈ ఆందోళనే ఉంది.

నర్సు తనకు తాను మార్కులు వేసుకునే దారి చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఫిన్లాండ్‌లో రీట్టా మెరెటోయా బృందం 2004లో ప్రచురించిన కొలమానంలో 73 అంశాలు, 7 విభాగాలు ఉన్నాయి. సున్నా నుంచి వంద దాకా ఉన్న గీత మీద గుర్తు పెట్టాలి. నర్సూ, మేనేజరూ ఇద్దరూ దాన్నే నింపొచ్చు. అంతకు ముందు ఏడాది అదే దేశం నుంచి వచ్చిన అధ్యయనంలో మేనేజర్లు ఇచ్చిన మార్కులు నర్సులు తమకు తాము ఇచ్చుకున్నవాటి కన్నా ఎక్కువగా తేలాయి. వాళ్లంతా కొత్తవాళ్లు కారు, అప్పటికే పనిలో ఉన్న నర్సులు. అయినా మేనేజర్లంటే ఎప్పుడూ తక్కువ చేసి చూసేవాళ్లేనన్న మాట అక్కడ నిలవలేదు. కొత్త నర్సుల విషయంలో నాకు కనబడే చిక్కు వేరు. భయస్తురాలు తక్కువ వేసుకుంటుంది, తనకు తెలియనిదేమిటో ఇంకా తెలియని మనిషి ఎక్కువ వేసుకుంటుంది. ఇద్దరి మార్కులూ నిజానికి దూరమే. కాబట్టి వాటిని మాట కలపడానికి వాడుకోవాలి, తీర్పుకి కాదు.

ఇక పక్కన ఉండి చూడటం. నేను మొగ్గేది దీనివైపే. అమెరికా నర్సింగ్ ప్రొఫెసర్ క్రిస్టీన్ టానర్ 2006లో నర్సు ఆలోచనను నాలుగు మెట్లుగా విడదీసి చూపారు: గమనించడం, దాని అర్థం గ్రహించడం, స్పందించడం, చేసినదాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడం. చెక్‌లిస్టుకి అందేది మూడో మెట్టు మాత్రమే. మిగతా మూడూ ఆమె నోటి నుంచి వినాల్సినవి. షిఫ్టు మధ్యలో ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "ఇవాళ నీకిచ్చిన వాళ్లలో నిన్ను ఎక్కువ కంగారు పెడుతున్న పేషెంటు ఎవరు, ఎందుకని?" 'అందరూ బాగానే ఉన్నారు మేడమ్' అని వెంటనే జవాబొస్తే అక్కడే ఆగి చార్టు తెరవాలి. 'మూడో బెడ్ ఆయన పొద్దుట కన్నా మగతగా ఉన్నారు, బీపీ మామూలుగానే ఉంది కానీ నాకెందుకో నచ్చట్లేదు' అని చెబితే ఆమె కాన్యులా రెండుసార్లు గుచ్చి పెట్టినా నాకు పట్టింపు లేదు. చేయి కొన్నాళ్లకు తిరుగుతుంది.

ఎప్పుడు సాయం అడుగుతోందన్నదీ ఇలా చూస్తేనే తెలుస్తుంది. మేనేజర్లు మార్చుకోవాల్సిన చూపు ఒకటుంటే అది ఇదే. పదేపదే అడిగే నర్సుని 'ఇంకా తయారు కాలేదు' అని రాసేస్తారు. సరైన సమయంలో అడగడం తొలి ఏడాదిలో ఉండాల్సిన అతి ముఖ్యమైన నేర్పు. అడగని నర్సు గురించే ఇన్‌ఛార్జ్‌కి నిద్ర పట్టకూడదు.

నర్సు ఏమీ తెలియని స్థితి నుంచి నిపుణురాలయ్యేదాకా అమెరికా నర్సింగ్ పండితురాలు పాట్రిషియా బెన్నర్ 1984లో చెప్పిన అయిదు దశల లెక్కలో కొత్తగా చదువు పూర్తయిన నర్సు ఉండేది రెండో దశలో. పని మొత్తాన్ని ముందే ఊహించి అమర్చుకునే మూడో దశకు చేరడానికి ఒకే రకమైన వార్డులో రెండు మూడేళ్లు పడుతుంది. ఆ సంగతి మరిచి మూడో నెలలోనే అలవాటు పడ్డ సిస్టర్‌తో పోల్చడం అన్యాయం.

అయితే పక్కన నిలబడి చూసే పద్ధతికీ లోపాలున్నాయి. సమయం ఎక్కువ తీసుకుంటుంది. మనుషులు తక్కువున్న వార్డులో ప్రిసెప్టర్‌కి, అంటే కొత్తవాళ్లకు పని నేర్పే సీనియర్ నర్సుకి, తన పేషెంట్లతోనే సరిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, చూసేవాళ్ల ఇష్టం మాట్లాడుతుంది. కలుపుగోలుగా ఉండే అమ్మాయికి మంచి మాట, ముభావంగా ఉండే అమ్మాయికి అనుమానం దక్కుతాయి. దీనికి విరుగుడు ఇద్దరు వేర్వేరు షిఫ్టుల్లో చూడటం, ఇద్దరూ అవే ప్రశ్నలు అడగడం, జవాబును ఆమె మాటల్లోనే రాసిపెట్టడం.

మందులు, పరికరాలు, రక్తం ఎక్కించడం లాంటి వాటికి చెక్‌లిస్టు తొలి వారాల్లోనే ముగించేయాలి. అక్కడ రాజీ వద్దు. ఆ తర్వాత ఇన్‌ఛార్జ్ ఒక్కో కొత్త నర్సుకి వారానికి అరగంటే ఇవ్వగలిగితే, ఆ అరగంట ఇంకో గడి నింపడానికి ఖర్చు పెట్టొద్దు. ఇద్దరు పేషెంట్ల చార్టులు ముందు పెట్టుకుని, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో ఆమె చేత చెప్పించాలి. ఒంటరిగా నైట్ డ్యూటీ వేయడానికి ముందు మాత్రం ఇది ఒకసారితో సరిపెట్టకూడదు. పక్కన అడగడానికి మనుషులు తక్కువుండే వేళ అదే.