మాన్యువల్‌కి ఏది మేలు: వర్డా, మార్క్‌డౌనా, ఆస్కీడాకా?

గుంటూరులో కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న ఆఫీసు మాది. యూజర్ మాన్యువల్ రాయడం నా పని. సీజన్‌లో గేటు బయట మిర్చి లారీలు బారులు తీరి ఉంటే కౌంటర్‌లో కుర్రాడికి మాన్యువల్ చదివే తీరిక ఉండదు. వెతికిన మాట వెంటనే దొరకాలి, అంతే.

మా పాత మాన్యువల్ వర్డ్‌లోనే మొదలైంది. వర్డ్ అందరికీ వచ్చు, ఓనరుగారు కూడా దిద్దేస్తారు. కానీ నలుగురు దిద్దితే నాలుగు కాపీలు. ట్రాక్ ఛేంజెస్ ఉందిగా అంటారు. నిజమే, ఒకసారి యాక్సెప్ట్ కొట్టాక ఎవరు ఏం మార్చారో ఆ ఫైలులో మిగలదు. పైగా మా ఫైలు విజయవాడలో ప్రింటింగ్‌కి వెళ్లి, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) కాని డీటీపీ ఫాంటులోకి మారి తిరిగొచ్చింది. ‘రసీదు’ అని వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అన్నీ ఇంగ్లీషు పిచ్చిగీతలే.

మార్క్‌డౌన్ అంటే శీర్షికలు, జాబితాలు లాంటివాటిని చిన్న చిన్న గుర్తులతో రాసే పద్ధతి, 2004లో జాన్ గ్రూబర్ తెచ్చింది. ఉత్త టెక్స్ట్ ఫైలు కాబట్టి గిట్‌లో (ఫైలు మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) పెడితే ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో కనిపిస్తుంది. నేర్చుకోవడానికి ఒక పూట చాలు. పట్టికల దగ్గరే చిక్కు. అసలు మార్క్‌డౌన్‌లో పట్టికకు గుర్తులే లేవు. గిట్‌హబ్ సైటు వాడే రకంలో ఉన్నా రెండు గడులు కలపలేం. మా అద్దె పట్టికలో కలపక తప్పదు.

ఆస్కీడాక్ కూడా అలాంటి గుర్తుల పద్ధతే, మార్క్‌డౌన్ కన్నా రెండేళ్లు పెద్దది. గడులు కలుస్తాయి, హెచ్చరికలకు విడిగా గుర్తులున్నాయి, ఒకే పేరాను పది అధ్యాయాల్లోకి లాక్కోవచ్చు. పెద్ద మాన్యువల్‌కి నిస్సందేహంగా ఇదే మేలు. నాకు మాత్రం పీడీఎఫ్ దగ్గర టెన్షన్ పట్టుకుంది. నేను వాడిన పనిముట్టుకు తెలుగు ఒత్తులు కూర్చడం రాదు. ‘నొక్కండి’ కాస్తా ‘నొక్‌కండి’ అయి కూర్చుంది. వెబ్ పేజీగా మార్చి బ్రౌజర్ నుంచి ప్రింట్ తీస్తే ఒత్తులు సరిగ్గా పడ్డాయి.

మాది ముప్పై పేజీలే, అందుకని మార్క్‌డౌన్‌తో సరిపెట్టాను. ఆ అద్దె పట్టిక ఒక్కటి వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్‌లో రాసి మధ్యలో పెట్టాను.

ఫార్మాట్ కన్నా మాటల దగ్గరే ఎక్కువ రోజులు కొట్టుకున్నాం. 03-04-2025 అంటే మనకి ఏప్రిల్ 3, అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌కి మార్చి 4. అందుకే నెలను పేరుతోనే రాస్తున్నాం. ‘నొక్కవలెను’ తీసేసి అంతటా ‘నొక్కండి’ చేశాం. బస్తా, బ్యాగు, టిక్కీ అని ఒకే వస్తువుకి మూడు పేర్లు ఉండేవి. యార్డులో అనేది టిక్కీ, అదే ఉంచాం. స్క్రీన్ మీద బటన్ మాత్రం ఇంకా ‘బ్యాగ్స్’ అనే ఉంది. డెవలపర్ మార్చేదాకా బటన్ పేరు ఉన్నదున్నట్టే, బోల్డ్‌లో రాస్తున్నా.