మెమ్‌టెస్ట్86 ప్లస్‌తో మూడేళ్లు: తప్పు ర్యామ్‌దా, ఓవర్‌క్లాక్‌దా?

ర్యామ్‌లో తప్పులున్నాయేమో పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ని నేను మొదటిసారి నడిపింది నా కంప్యూటర్ మీద నమ్మకం పూర్తిగా పోయాక. రెండు 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే రెడీమేడ్ సెట్టింగ్) ఆన్ చేసి 3600 వేగంతో, 1.35 వోల్టుల మీద నడుస్తున్నాయి. ప్రాసెసర్‌ని కూడా కాస్త ఓవర్‌క్లాక్ చేశాను, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచాను. కొన్ని నెలలు ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత రెండు మూడు రోజులకోసారి బ్లూ స్క్రీన్, అదీ ప్రతిసారీ వేరే కోడ్‌తో. ఒకే జిప్ ఫైల్ పొద్దున తెరుచుకునేది, సాయంత్రం సీఆర్‌సీ ఎర్రర్ (డేటా పాడైందని) అనేది. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాను, రెండు వారాలు పోయాయి. అన్నిటికంటే బాధ కలిగించింది ఫొటోల సంగతి. ఆ రోజుల్లో బ్యాకప్‌కి కాపీ చేసినవి కొన్ని పాడైపోయి ఉన్నాయి. ర్యామ్ మీద అనుమానం రాగానే బ్యాకప్ ఆపేయండి. లేకపోతే బాగున్న పాత కాపీ మీద చెడిపోయిన కొత్త కాపీ వచ్చి కూర్చుంటుంది.

ఈ టూల్ ఉచితం. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ అవుతుంది కాబట్టి విండోస్ అడ్డం లేకుండా దాదాపు మెమరీ మొత్తాన్నీ పరీక్షిస్తుంది. 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి యూఈఎఫ్‌ఐ (కొత్త కంప్యూటర్లలో పాత బయోస్ స్థానంలో వచ్చిన బూట్ వ్యవస్థ)లోనూ పనిచేస్తోంది. నా 16 జీబీకి ఒక పాస్ (అన్ని పరీక్షలూ ఒకసారి పూర్తవడం) గంటకు పైనే పట్టింది. రాత్రి పెట్టి పడుకోవడమే మేలు.

మొదటి పాస్‌లోనే పదుల కొద్దీ ఎర్రర్లు. అయితే ఎర్రర్ ఉందనే ఇది చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. చిప్ పాడైనా, వోల్టేజీ చాలకపోయినా, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ఆ వేగానికి తట్టుకోలేకపోయినా తెర మీద కనిపించేది ఒకేలా ఉంటుంది. అందుకే ముందు ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ తీసేశాను. తర్వాత ఎక్స్‌ఎంపీ ఆపి, ర్యామ్‌ని 2666 వేగానికి, 1.2 వోల్టులకు దించాను. ఎర్రర్లు బాగా తగ్గాయి కానీ రెండు మిగిలాయి. ప్రతి పాస్‌లోనూ అదే అడ్రస్, అదే బిట్. ఓవర్‌క్లాక్ సరిపడక వచ్చే ఎర్రర్లు సాధారణంగా చోటు మారుతుంటాయి. మామూలు వేగంలోనూ ఒకే చోట వస్తున్నాయంటే ఆ ర్యామ్ చిప్పే దెబ్బతిన్నదని గట్టిగా అనుమానించవచ్చు.

ఇక ఒక్కో ర్యామ్‌నీ విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి నడిపాను. ఒకటి రాత్రంతా శుభ్రంగా నడిచింది, రెండోదానిలో ఎర్రర్లు వచ్చాయి. దాన్ని వేరే స్లాట్‌కి మార్చినా వచ్చాయి. అంటే స్లాట్ తప్పు కాదు. వారంటీలో కొత్త జత వచ్చింది.

ఈ టూల్‌తో నాకున్న ఒకే ఒక్క అసంతృప్తి ఆ తర్వాత బయటపడింది. కొత్త జత 3600 వేగంలో నాలుగు పాస్‌లు ఒక్క ఎర్రర్ లేకుండా దాటింది. అయినా గేమ్ ఆడిన రెండు గంటలకు కంప్యూటర్ ఆగిపోయేది. మెమ్‌టెస్ట్ నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డుకి పని ఉండదు, కేస్ లోపల చల్లగా ఉంటుంది. విండోస్‌లో గ్రాఫిక్స్ కార్డుకీ లోడ్ ఇచ్చి టెస్ట్‌మెమ్5 అనే మరో ర్యామ్ పరీక్ష నడిపితే అరగంటలో ఎర్రర్ దొరికింది. వేడెక్కేకొద్దీ ర్యామ్ సెల్స్‌లోని చార్జ్ తొందరగా జారిపోతుంది. డీడీఆర్4కి మామూలుగా సగటున 7.8 మైక్రోసెకన్లకోసారి రిఫ్రెష్ (ఆ చార్జ్‌ని మళ్లీ నింపడం) అందాలి. నేనేమో వేగం కోసం టీరెఫీ (రెండు రిఫ్రెష్‌ల మధ్య వ్యవధి) విలువను 65535కి పెంచి ఉంచాను. 3600 వేగంలో అది దాదాపు 36 మైక్రోసెకన్లు. దాన్ని మళ్లీ ఆటోలో పెట్టాక ఒక్కసారి కూడా ఆగిపోలేదు.

బయోస్ అప్‌డేట్ చేసినా, ఒక్క టైమింగ్ మార్చినా ఇప్పటికీ ఆ రాత్రి మెమ్‌టెస్ట్ పెడతాను. మర్నాడు గ్రాఫిక్స్ కార్డు వేడిగా ఉన్నప్పుడు టెస్ట్‌మెమ్5 నడుపుతాను. ఆ రెండూ దాటాకే బ్యాకప్ డ్రైవ్ తగిలిస్తాను.