కడప ఎండల్లో బిగుతు సాక్సులు: చాన్నాళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తా, కాళ్ల నరాలు ఉబ్బినవాళ్లకు డాక్టర్లు రాసే ఈ బిగుతు సాక్సులు (కంప్రెషన్ స్టాకింగ్స్) ఉబ్బిన నరాలను మాయం చేయవు. నా ఎడమ పిక్క మీద మెలికలు తిరిగిన నీలి నరం మొదట్లో ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. నాకు మారింది సాయంత్రాలు. కడపలో బట్టల షాపులో కౌంటర్ పని నాది. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే కూర్చునే మాటే ఉండదు. ఇదివరకు షాపు కట్టేసే వేళకు కాళ్లు బండల్లా బరువెక్కి, చీలమండ పైన వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండేది. అర్ధరాత్రి పిక్కలు పట్టేసి లేచి కూర్చునేవాణ్ని. ఇప్పుడు వాపు చాలావరకు లేదు, నిద్ర పడుతోంది.

ఇది ఎందుకు పనిచేస్తుందో డాప్లర్ స్కాన్ (కాళ్లలో రక్తం ఎటు పోతోందో చూసే స్కాన్) చేసినప్పుడు డాక్టర్ చెప్పారు. కాళ్లలోని రక్తం పైకి, గుండె వైపు ఎక్కాలి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా దాన్ని పైకి తోస్తుంది, సిరల్లోని, అంటే మనం నరాలనే వాటిలోని, చిన్న కవాటాలు మళ్లీ కిందికి జారకుండా ఆపుతాయి. మన బావి మోటారుకు ఫుట్‌వాల్వ్ పాడైతే పైపులో నీళ్లు నిలవనట్టే, కవాటాలు సరిగ్గా మూసుకోకపోతే రక్తం కిందే నిలిచిపోయి సిరలు ఉబ్బుతాయి. కదలకుండా నిలబడితే పిక్క కండరానికి పనే ఉండదు. సాక్సు చీలమండ దగ్గర ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా నొక్కుతూ ఆ లోటు కొంత పూడుస్తుంది. నాకు రాసింది క్లాస్ 2, అంటే చీలమండ దగ్గర 23 నుంచి 32 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి. బీపీ కొలిచే లెక్కే ఇది.

రాసిచ్చే ముందు ఆయన పాదాల్లో నాడి చూశారు. గుండె నుంచి కాళ్లకు రక్తం తెచ్చే ధమనుల్లో రక్తప్రవాహం తక్కువున్నవాళ్లకు ఈ బిగుతు కీడు చేస్తుందట. షుగర్ ఉన్నవాళ్లు, నడిస్తే పిక్కలు నొప్పెట్టేవాళ్లు సొంతంగా కొని తొడుక్కోవద్దు.

ఇక కొలతల సంగతి. మొదట కొన్న మందుల షాపులో నా కాళ్ల వైపు ఓసారి చూసి 'లార్జ్ సరిపోతుందన్నా' అని చేతిలో పెట్టారు. అది వదులు. వదులైతే మామూలు సాక్సుకూ దానికీ తేడా లేదు. పొద్దున లేవగానే, వాపు రాకముందే టేపుతో కొలవాలి: చీలమండ పైన సన్నగా ఉన్నచోట, పిక్క లావుగా ఉన్నచోట, నేల నుంచి మోకాలి కింది దాకా పొడవు. డబ్బా మీద పట్టిక ఉంటుంది, దాంతో సరిచూసుకోండి.

తొడగడం ఓ కుస్తీ. మే నెలలో స్నానం చేసి వచ్చేలోపే చెమట. తడి కాలికి ఇది ఎక్కదు. ఫ్యాను కింద కాళ్లు పూర్తిగా ఆరనిచ్చి, కాస్త పౌడర్ చల్లి, మడమ దాకా తిరగేసి, పాదం దూర్చి కొంచెం కొంచెంగా పైకి సాగదీస్తాను. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుంటే పట్టు దొరుకుతుంది, గోరు తగిలి చిరగదు. పై అంచు మడతపెట్టొద్దు. మడత పడినచోట బిగుతు రెట్టింపై మోకాలి కింద ఎర్రటి గీత పడుతుంది.

తొడ దాకా ఉండేది మన ఎండలకు నా వల్ల కాలేదు. మధ్యాహ్నానికి చెమటకు జారి మోకాలి వెనక చుట్ట చుట్టుకునేది. రోజూ వేసుకోగలిగేదే మేలని డాక్టరే మోకాలి దాకా ఉండేదానికి మార్చారు. వేళ్లు మూసుకుపోయేది కూడా తీసుకోలేదు. షాపులో చెప్పులు బయటే వదిలి తిరుగుతాం కదా, గ్రానైట్ మీద జారుతుంది. వేళ్లు బయటికుండేదే నయం. రాత్రి తీసేస్తాను. కొబ్బరినూనె అలవాటున్నవాళ్లు తీశాకే రాసుకోండి, నూనెకు సాగే గుణం పోతుంది. ఉతకడం చేత్తోనే, చన్నీళ్లలో. పిండకుండా నీడలో ఆరేయాలి. ఆరు నెలలు దాటితే బిగుతు తగ్గుతుంది. పొద్దున సులువుగా ఎక్కేస్తోందంటే కొత్త జత కొనే రోజులొచ్చినట్టే. ధర బ్రాండును బట్టి వందల్లోనూ ఉంది, వేలల్లోనూ ఉంది. రెండు జతలుంటే ఉతుకుడు టెన్షన్ ఉండదు.

సాక్సు ఒక్కటే చాలదు. చీర పరిచి చూపిస్తూనే మడమలు ఎత్తి దించుతుంటాను, కస్టమర్లకు కనపడదు. ఇంటికెళ్లాక పడుకుని కాళ్లు గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్లు పెట్టుకుంటాను.

చీలమండ లోపలివైపు చర్మం నల్లబడుతున్నా, దురద పుట్టినా, పుండు మానకపోయినా సాక్సుతో కప్పేయకుండా డాక్టరుకు చూపించండి. ఒకే కాలు ఉన్నట్టుండి వాచి, వేడిగా ఉండి నొప్పెడితే లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాల్సిందే. దాంతోపాటు ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.