ఇర్విన్ నోట్సు కొనేముందు రెండు పేజీలు తిప్పండి

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర జిరాక్స్ షాపులో గ్రూప్స్ వాళ్ల కోసం అమ్మే స్పైరల్ నోట్సు ఇది. మన దేశానికి వైస్రాయ్‌గా వచ్చిన బ్రిటిష్ నేత లార్డ్ ఇర్విన్ భాగం గట్టిగానే ఉంది. 1910లో ఇంగ్లండ్‌లోని రిపన్ నుంచి కన్జర్వేటివ్ ఎంపీ, 1926లో వైస్రాయ్, 1929 అక్టోబర్ 31న డొమినియన్ హోదా (సామ్రాజ్యంలోనే స్వపరిపాలన) ప్రకటన, 1931 మార్చి 5న గాంధీతో ఒప్పందం, తేదీలన్నీ సరిపోయాయి.

తేడా కొట్టింది ఆ తర్వాతే. 1938లో బ్రిటన్ విదేశాంగ మంత్రి అయిన హాలిఫాక్స్‌ను వేరే మనిషిలా ఇంకో అధ్యాయంలో పడేశారు. ఇద్దరూ ఒకరే. 1934లో తండ్రి పోయాక హాలిఫాక్స్ అనే బిరుదు ఇర్విన్‌కొచ్చింది. జతపరచండి ప్రశ్నలో మార్కు జారిపోయేది సరిగ్గా ఇక్కడే. 1941 నుంచి 46 దాకా వాషింగ్టన్‌లో రాయబారిగా చేసిన పనికి ఒక్క లైనే. 1940 మేలో ఈయన పేరూ వినిపించిన ప్రధాని పదవి చర్చిల్‌కు దక్కడం, ఆ డిసెంబర్‌లో ఈయన్ను అమెరికా పంపాలని తేల్చడం అసలే లేవు. అవి లేకుండా మంత్రి రాయబారి ఎందుకయ్యాడో ఎట్ల అర్థమైతది?

కాగితం పలచన, హైలైటర్ వెనక్కి దిగుతుంది. పెన్సిలే నయం. స్పైరల్ రంధ్రాలు ఎడమ అంచును తినేసి కొన్నిచోట్ల 1931 కాస్తా 931 అయింది, అక్కడే తిప్పి చూసి మార్పించుకోండి.