ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇప్పించడమా, ఇంట్లోనే పోనివ్వడమా

మా కుక్క రాజుగాడికి 14 ఏళ్లు. కిడ్నీలు పాడయ్యాయి. విజయవాడ ఎండల్లో రోజూ సెలైన్ పెట్టించాం.

ఇంట్లోనే పోనిస్తే, ప్రాణం తీసిన పాపం మనది కాదనిపిస్తుంది. కానీ కిడ్నీ జబ్బు చివరికొచ్చాక రక్తంలో విషాలు పేరుకుంటాయి. వాంతులు, నోట్లో పుండ్లు, ఒక్కోసారి ఫిట్స్. నిద్రలో హాయిగా పోవడం అరుదు. ఇంకా తింటూ, తోక ఊపుతుంటే మాత్రం ఆగొచ్చు.

ఇంజెక్షన్ అయితే ముందు మత్తిస్తారు. తర్వాత నరంలోకి ఎక్కువ మోతాదులో మందు వెళ్తుంది. స్పృహ పోయాకే, కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు తెరిచే ఉండొచ్చు, ఆఖర్న ఒకటి రెండుసార్లు ఎగశ్వాస రావచ్చు. అది బాధ కాదు. ఈ మాట మాకెవరూ ముందు చెప్పలేదు, చాలా భయపడ్డాం.

లేవలేక, తిండి ముట్టకపోతే నేను ఇంజెక్షన్ వైపే. డాక్టర్‌ని పటమటలో మా ఇంటికే పిలిచాం. వాడి తల అమ్మ ఒళ్లోనే ఉంది.