ఎనిమిది కెమెరాల వీధి కిట్: సాక్ష్యం ఇస్తుంది, గొడవను ఆపదు

నాలుగు మెగాపిక్సెల్ కెమెరాలు ఎనిమిది, ఒక ఎన్‌వీఆర్ (వీడియోను భద్రపరిచే రికార్డరు), పీఓఈ స్విచ్ ఒకటి (ఒకే కేబుల్‌తో కెమెరాలకి కరెంటూ, నెట్‌వర్కూ ఇచ్చేది), ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్, కేబుల్ చుట్ట. కాలనీ సంఘాలకి "వీధి భద్రత" పేరుతో అమ్మే కిట్ దాదాపు ఇదే. బ్రాండు ఏదైనా లోపలి అమరికలో పెద్ద తేడా ఉండదు, లోపాలూ అవే. అందుకే ఈ సమీక్ష కంపెనీ గురించి కాదు, కిట్ గురించి.

తీర్పు ముందే చెప్పేస్తాం. జరిగినదాన్ని చూపించడానికి ఇది మంచి పరికరం, సరిగ్గా బిగిస్తే. జరగబోయే కొట్లాటను ఆపడంలో మాత్రం చాలా బలహీనం. నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి చూసి 2019లో వెలువడిన ఒక సమీక్షలో, సీసీ కెమెరాలు పెట్టిన చోట్ల నేరాలు మొత్తం మీద 13 శాతం తగ్గినట్టు తేలింది. ఆ ఫలితం బాగా కనిపించింది పార్కింగ్ స్థలాల్లో. దాడులు, కొట్లాటల విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బండి ఎత్తుకెళ్లేవాడు చుట్టూ చూసుకుని గానీ చెయ్యి వెయ్యడు. మత్తులోనో, కోపంలోనో చెయ్యెత్తినవాడికి స్తంభం మీద ఏముందో పట్టదు. తెర ముందు మనిషి కూర్చుని, అవసరమైతే ఆ క్షణంలోనే కబురు చేసే ఏర్పాటున్న చోట ఫలితం మెరుగని కూడా ఆ సమీక్ష చెప్పింది. ఆ మనిషిని సంఘమే పెట్టుకోవాలి.

ఇక కిట్‌లో మొదటి తప్పు లెన్సు. అన్ని కెమెరాలకీ వెడల్పుగా చూపే 2.8 మిల్లీమీటర్ల లెన్సే వస్తుంది. వీధంతా ఒకే తెరలో కనిపించేసరికి కొనేవాళ్లకి సంతృప్తిగా ఉంటుంది, కానీ ముఖాలు దొరకవు. నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 (2014 కూర్పు) ప్రకారం ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తించాలంటే దృశ్యంలో మీటరు వెడల్పుకి 250 పిక్సెళ్లు పడాలి. నాలుగు మెగాపిక్సెల్ చిత్రం వెడల్పు 2560 పిక్సెళ్లు. అంటే తెరలో పది మీటర్లకు మించిన వెడల్పు కనిపిస్తోందంటే ముఖం పోయినట్టే. 2.8 లెన్సుతో ఆ హద్దు ఐదారు మీటర్ల దూరంలోనే వచ్చేస్తుంది. 6 మిల్లీమీటర్ల లెన్సుతో పది, పన్నెండు మీటర్ల దాకా వెళ్లొచ్చు. కాబట్టి వీధిలోకి వచ్చే, పోయే దారుల దగ్గర 6 మిల్లీమీటర్లవి అడిగి మార్పించుకోండి. మిగతావి వెడల్పు లెన్సుతో ఉన్నా ఫర్వాలేదు. ఎత్తు మూడు మీటర్లు దాటనివ్వకండి. ఆరు మీటర్ల స్తంభం మీద పెడితే టోపీలు, నడినెత్తులు తప్ప ఏమీ రికార్డు కావు.

రెండోది డిస్క్. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఒక్కో కెమెరా 4 ఎంబీపీఎస్‌తో (సెకనుకి 4 మెగాబిట్లు) రాస్తే రోజుకి 43 జీబీ, ఎనిమిదింటికీ 345 జీబీ. ఒక టెరాబైట్ మూడు రోజులైనా నిండకుండా ఆగదు. ఆ తర్వాత పాతది చెరిగిపోతుంది. దెబ్బలు తిన్నవాళ్లు ఆసుపత్రి నుంచి వచ్చి, ధైర్యం తెచ్చుకుని ఫిర్యాదు చేసేసరికి వారం గడవొచ్చు. వీడియోను ఎక్కువగా కుదించే హెచ్.265 పద్ధతి పెట్టి 2 ఎంబీపీఎస్‌కి దించితే నెలకి సుమారు 5.2 టెరాబైట్లు కావాలి, ఆరు టెరాబైట్ల నిఘా రకం డిస్క్ సరిపోతుంది. చోటు మిగుల్చుకోవడానికి మోషన్ రికార్డింగ్ (కదలిక ఉన్నప్పుడే రాసే పద్ధతి) పెట్టకండి. గొడవ ఎలా మొదలైందో చూపించే మొదటి క్షణాలే అందులో తప్పిపోవచ్చు, అప్పుడు ఎవరు ముందు చెయ్యి చేసుకున్నారన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

రాత్రి పూట కెమెరా వేసే ఐఆర్ (కంటికి కనిపించని పరారుణ) వెలుగు దగ్గరి ముఖాన్ని తెల్లగా కాల్చేస్తుంది. దానికి పురుగులు, పురుగుల కోసం సాలెపురుగులు చేరతాయి. నెలకోసారి మెత్తటి గుడ్డతో తుడవాల్సిందే. షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు తీసుకునే సమయం) 1/25 సెకనులో ఉంటే, సెకనుకి ఐదు మీటర్లు పరిగెత్తే మనిషి ఒక్క ఫ్రేములోనే 20 సెంటీమీటర్లు జరుగుతాడు. ముఖం మరక అవుతుంది. 1/100 పెట్టాలంటే వీధిలో నిజమైన దీపం ఉండాలి.

దీపం గురించి గట్టిగా చెప్పాలి. 2016లో న్యూయార్క్‌లోని ప్రభుత్వ గృహ సముదాయాల్లో అదనపు దీపాల స్తంభాలు పెట్టి పరీక్షిస్తే, రాత్రిళ్లు ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం తగ్గాయి. చేతిలో ఉన్న సొమ్ము ఒక్కదానికే సరిపోతే ముందు చీకటి మలుపుల్లో దీపాలు, తర్వాతే కెమెరాలు. కెమెరాలైనా ఆ వెలుగులోనే సరిగ్గా పనిచేస్తాయి.

ఎన్‌వీఆర్ తాళం వేసిన గదిలో, యూపీఎస్ మీద ఉండాలి. స్విచ్ కూడా అదే యూపీఎస్ మీద ఉండాలి, చాలాచోట్ల దాన్ని మరిచిపోతారు. కరెంటు పోతే రికార్డరు నడుస్తూనే ఉంటుంది, కెమెరాలు ఆగిపోతాయి. గడియారం ఎన్‌టీపీకి (ఇంటర్నెట్ ద్వారా సరైన సమయం ఇచ్చే సేవ) కలపండి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ అలాంటి పాస్‌వర్డ్‌లున్న కెమెరాలు, రికార్డర్లలోకే దూరింది. ఎదుటి ఇళ్ల కిటికీల మీద ప్రైవసీ మాస్క్ (చిత్రంలో ఆ భాగాన్ని కప్పేసే సెట్టింగ్) వెయ్యండి.

కిట్‌తో వచ్చే అసలు ప్రమాదం ఫోన్ యాప్. పాస్‌వర్డ్ పదిమంది దగ్గరుంటే గొడవ క్లిప్ పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపుకి ఎక్కుతుంది. మసక బొమ్మ చూసి ఎవరో ఒక పేరు అంటారు. కాసేపట్లో ఆ పేరుగల ఇంటి ముందు జనం చేరతారు. ఒక కొట్లాటకి ప్రతీకారంగా రెండోది పుట్టేది ఆ గంటల్లోనే. అప్పుడు కావలసింది ఇరువైపులా మాట చెల్లే పెద్దమనిషి, క్లిప్ కాదు. అందుకని ఫుటేజీ తీసే అధికారం ఇద్దరికే, అదీ ఇద్దరూ కలిసే. ఎవరడిగారు, ఏ తేదీ, ఏ సమయం అన్నది పుస్తకంలో రాయాలి. తెరను ఫోన్‌తో తీసిన వీడియో వద్దు. అసలు ఫైలునే ఎన్‌వీఆర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి తీసి, హ్యాష్ విలువ (ఫైలు మారితే తానూ మారిపోయే గుర్తు సంఖ్య) నమోదు చేసి పోలీసులకి ఇవ్వాలి.

మా మార్కులు: సాక్ష్యానికి ఐదుకి నాలుగు, లెన్సు, డిస్క్ మార్చాక. ఉన్నదున్నట్టు కొంటే రెండు. హింసను ఆపడానికి ఒకటి.

చివరి వాయిదా ఇచ్చే ముందు రాత్రి పదింటికి పరీక్ష పెట్టండి. బిగించినవాళ్లకి పరిచయం లేని ఒకరిని వీధి మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడవమనండి, ఒకసారి పరిగెత్తమనండి. మర్నాడు ఆ ఫైలు బయటికి తీసి, ఐదారుగురు నిలబడ్డ వరసలో ఆ మనిషిని పట్టుకోమని బిగించినవాళ్లనే అడగండి. పట్టుకోలేకపోతే ఏ కెమెరా ముందు ముఖం పోయిందో రాసుకుని, దాని లెన్సు, ఎత్తు మార్చాకే డబ్బు ఇవ్వండి.